అటకెక్కిన కథ

"చిన్న పనే" అన్నాడు మా ఆయన. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేస్తే ఇల్లు విశాలంగా ఉంటుందట. బాత్రూంలో టైల్స్ పలకలు మారిస్తే కొత్తింట్లో ఉన్నట్టే ఉంటుందట. ఫోన్లో బొమ్మలు కూడా చూపించాడు. ఆ బొమ్మల్లో ఇళ్ళన్నీ తెల్లగా మెరుస్తూ, ఒక్క మనిషి కూడా లేకుండా ఉన్నాయి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ చిన్న పని మా ముగ్గురినీ పడగ్గదిలోకి తోసేసింది. ఫ్రిజ్ మంచం పక్కకొచ్చింది. గ్యాస్ పొయ్యి బాల్కనీకెళ్ళింది. గిన్నెలు బీరువాలో, బట్టలు బకెట్లో. తినే ప్రతి ముద్దా కరకరలాడేది. మా బుడ్డదానికి స్నానం చేయిస్తే చెవుల్లోంచి సిమెంటు వచ్చేది. ఎప్పటికవుతుందయ్యా అని మేస్త్రిని అడిగితే "రెండ్రోజులమ్మా" అనేవాడు. అతను చెప్పే రెండ్రోజులు ఏ క్యాలెండర్లోనూ లేవు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటాను. పొద్దస్తమానం "కూర్చోండి, పిలుస్తాను" అనడమే నా ఉద్యోగం. బుగ్గలు వాచిన వాళ్ళంతా ఎదురుగా కూర్చుని, ఎప్పుడు పిలుస్తానా అని నా నోటి వంకే చూస్తుంటారు. నాకు నోరెక్కువ అంటాడు మా ఆయన. నిజమే. ఇదంతా ఆ నోటి వల్లే వచ్చింది.

బుడ్డది అంటే మా కూతురు. మూడేళ్ళు ఇంకా నిండలేదు. కథ చెప్పందే నిద్రపోదు, తను ఊఁ కొట్టందే కథ సాగనివ్వదు. నేనో ముక్క చెప్పాలి, అది "ఊఁ" అనాలి. పొరపాటున రెండు ముక్కలు కలిపి చెప్పేశానా, "ఆగమ్మా, నేను ఊఁ అనలేదు" అని కథని వెనక్కి నడిపించేది. అంతా అయ్యాక ఇంకో పేచీ.

"కథ ఎక్కడికెళ్ళింది?"

"ఎక్కడికెళ్తుందే తల్లీ, అయిపోయింది."

"అయిపోయి ఎక్కడికెళ్ళింది?"

ఓ రోజు ఒళ్ళు మండి, వేలు పైకి చూపించాను. మా పడగ్గది తలుపు మీద ఓ అటక ఉండేది. దానికి రెండు చెక్క తలుపులు. మాకంటే ముందున్న వాళ్ళెవరో ఆకుపచ్చ రంగు వేయించారు. ఆ రంగు సందుల్లోకి కారి గట్టిపడిపోవడంతో తలుపులు బిగుసుకుపోయాయి. మేం ఆ ఇంట్లో దిగినప్పటి నుంచీ అవి తెరుచుకోలేదు. తెరవాల్సిన పనీ పడలేదు. "అదిగో, కథ అటకెక్కింది. ఇక మనం మంచమెక్కుదాం" అన్నాను.

దానికి తెగ నచ్చేసింది. ఇక ఆ రోజు నుంచీ ఏ కథకైనా అదే ముగింపు. కింద చాప మీద కూర్చుని కథ చెప్పుకునేవాళ్ళం. చివర్లో "కథ అటకెక్కింది" అని నేననాలి. అది అటక వైపు తిరిగి చెయ్యూపుతూ "టాటా!" అనాలి. తర్వాత ఇద్దరం కలిసి "మనం మంచమెక్కుదాం!" అనాలి. అప్పుడు మంచం, అప్పుడు దుప్పటి. "నేనిచ్చిన పనులన్నీ అటకెక్కిస్తావు, ఇప్పుడు కథలు కూడానా?" అని మా ఆయన వెక్కిరించేవాడు.

ఒక్కోసారి దాని ఊఁ తర్వాత ఇంకో ఊఁ వినపడినట్టు ఉండేది. పక్కన హాలంతా ఖాళీ కదా, మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తోంది అనుకున్నాను. తుమ్మినా అలాగే తిరిగొచ్చేది మరి.

ఆ రోజుల్లోనే బుడ్డది మాటలు పోగేసుకుంటోంది. ఓ సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఫ్రిజ్ చాటున చేరి బిస్కెట్ పొట్లం ఖాళీ చేశారు. నేను చూసేసరికి అది మూతి తుడుచుకుంటూ "మనం బిస్కెట్ తిన్నాం" అంది.

"మనమా? నాకెవరు పెట్టారే? నాన్నా నువ్వూ తింటే మేము అనాలి. నన్ను కలిపితే మనం. నన్ను వదిలేస్తే మేము."

దానికి ఆ మాట ఆటలా తోచింది. ఇల్లంతా తిరుగుతూ "కలిపితే మనం, వదిలేస్తే మేము" అని పాట కట్టింది. ఇటుకలు మోసే ఆడమనిషి కూడా నవ్వుకుంటూ అదే పాడింది ఆ పూట.

తర్వాత మా ఆయనకి అటక మీద కన్ను పడింది. ఈ రోజుల్లో అటకలెవరు ఉంచుకుంటున్నారు, తీసేస్తే గది ఎత్తుగా కనిపిస్తుంది అన్నాడు. నేను వద్దనలేదు. సరేలే, ఎలాగూ వాడటం లేదు అన్నాను.

పొద్దున్నే మేస్త్రి గడ్డపారతో ఆకుపచ్చ తలుపులు పెకిలించాడు. ఎండిన రంగు పెళపెళమని విరిగింది. లోపల నుంచి ఓ వాసన వచ్చింది. ఎలుకల కంపు కాదు, చెమ్మ కాదు. ఎప్పుడో మూతపెట్టిన డబ్బా తెరిస్తే వస్తుందే, అలాంటిది. మేస్త్రి నిచ్చెన మీద నుంచి లోపలికి చూసి "ఇదేంటమ్మా?" అన్నాడు.

అతను దిగాక నేనూ ఎక్కి చూశాను. అటక నిండా వేలెడు మందాన దుమ్ము. సామాను ఒక్కటి లేదు. కానీ ఈ పక్క అంచున, సరిగ్గా మేం చాప పరుచుకునే వైపు, చిన్న పీటంత మేర దుమ్మే లేదు. నున్నగా ఉంది. రోజూ ఎవరో వచ్చి కూర్చుంటే ఒరుసుకుని అరిగినట్టు.

"పిల్లి అయ్యుంటుందమ్మా" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడేగా గడ్డపార వేసి పగలగొట్టారు! పిల్లి ఎలా దూరుతుంది?"

"పిల్లులంతేనమ్మా" అని సుత్తి అందుకున్నాడు.

మధ్యాహ్నానికి అటక ముక్కలైపోయింది. తలుపు మీద చువ్వలు పొడుచుకొచ్చిన కన్నం ఒకటి మిగిలింది. కింద కుప్పపడ్డ ఆ పెంకుల్ని చూసి బుడ్డది గుమ్మంలో నిలబడి ఒకటే ఏడుపు. దెబ్బ తగిలిందేమో అని పరిగెత్తాను.

"అమ్మా... కథలు కింద పడిపోయాయి."

నవ్వి ఎత్తుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయారు. కరెంటు అతను పడగ్గది వైర్లు లాగేసి, "రేపొచ్చి కలిపేస్తానండి" అని చక్కా పోయాడు. కిటికీలు అప్పటికే ఊడదీసి, ఆ ఖాళీలకి ప్లైవుడ్ కొట్టేశారు. బయట ఇంకా ఎండ ఉంది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. మా గదిలో మాత్రం చీకటి. చెక్క అంచుల్లోంచి దారాల్లా కాస్త వెలుతురు, ఆ వెలుతుర్లో తేలే దుమ్ము. మా ఆయనేమో పలకల కొట్టుకి వెళ్ళాడు. రెండు రకాల తెలుపులో ఏ తెలుపు తీసుకోవాలో తేల్చుకోలేక మూడోసారి వెళ్ళడం అది.

సుత్తి మోతకి బుడ్డది మధ్యాహ్నం కునుకే తీయలేదు. కళ్ళు నలుపుకుంటూ, దొరికిందల్లా విసురుతూ, అంతా గోల. కాసేపైనా పడుకోబెడదామని చాప పరిచి ఒళ్ళో వేసుకున్నాను.

"అనగనగా ఒక చీమ."

"ఊఁ."

"ఆ చీమకి ఒక గొడుగు."

"ఊఁ."

దాని మడమ నా మోకాలికి తగులుతూ ఉంది. ఊఁ అన్నప్పుడల్లా ఓ తన్ను. తడి సిమెంటు వాసన. బయటెక్కడో నీళ్ళ మోటారు రొద. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. చీమ వర్షంలో బయల్దేరింది. ఊఁ. గొడుగు గాలికి ఎగిరిపోయింది. ఊఁ. చీమ దాని వెనకాలే పరిగెత్తింది. ఊఁ.

మడమ ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

నా అరచేతి మీద ఏదో వెచ్చగా, తడిగా తగిలింది. చొంగ. అమ్మయ్య, పడుకుంది అనుకుని, వంగి మెల్లిగా అడిగాను.

"నిద్రపోయావా, బంగారం?"

"ఊఁహూఁ."

మా బుడ్డది నోట్లో బొటనవేలు పెట్టుకుని ఉంది. నా ముంజేతికి దాని బుగ్గ ఆనుతోంది. అది పలకలేదు.

ఆ ఊఁహూఁ తలుపు మీద నుంచి వచ్చింది.

ఫోన్ తీసి లైటు వేశాను. తలుపు పైకి తిప్పాను. తలుపు మీద చువ్వలు, విరిగిన ఇటుకలు, ఓ పాత మేకు. ఇంకేం లేదు.  మోటారు ఆగిపోయింది. వీధిలో పిల్లల్ని ఎవరో లోపలికి పిలుస్తున్నారు.

"ఊఁ?"

తర్వాత ఏమైంది అని అడిగినట్టు. చిన్న గొంతు కాదు, పెద్ద గొంతూ కాదు. చాలా రోజులుగా వాడని గొంతులా ఉంది.

నేను పలకలేదు. అప్పుడు తెలిసింది... నా ఒళ్ళో బుడ్డదాని పొట్ట కదలడం లేదు.

చెయ్యి పెట్టి చూశాను. లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి లేదు. కుదిపాను, పిలిచాను, చెంప మీద తట్టాను. తల ఓ పక్కకి వాలిపోయింది. "ఎవరు మీరు? ఏం కావాలి? నా బిడ్డనేం చేశారు?" అని అరిచాను. ఏమీ లేదు. ఊఁ లేదు, ఊపిరి లేదు. లేచి తలుపు వైపు రెండడుగులు వేశాను. ఆ గదికి ఉన్నది అదొక్కటే తలుపు. సరిగ్గా ఆ కన్నం కిందే. నా నడినెత్తి మీద నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గర...

"ఊఁ?"

 వెనక్కి తగ్గి మళ్ళీ చాప మీదే చతికిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక, ఏమంటున్నానో తెలియక, నోటికొచ్చింది అనేశాను.

"చీమ... చీమ పరిగెత్తుతోంది. గొడుగు కోసం."

"ఊఁ."

బుడ్డదాని పొట్ట పైకి లేచింది. పిల్ల ఊపిరి తీసుకుంది.

ఇక ఏం చెప్పమంటారు! చెప్పాను. చీమ చేత కొండలెక్కించాను, వాగులు దాటించాను. ఊఁ. గొడుగు చెట్టుకి తగులుకుంది. ఊఁ. చెట్టు మీద ఓ కాకి. ఊఁ. మాట కాస్త తడబడితే చాలు, నా చేతి కింద ఆ చిన్న పొట్ట ఆగిపోయేది. కథ కాని మాట ఒక్కటొచ్చినా అంతే. దేవుడా అన్నాను ఓసారి. ఆగిపోయింది. వెంటనే "దేవుడా అంది చీమ" అని సర్దుకున్నాను. నా జన్మలో నోరు అంత జాగ్రత్తగా వాడలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన. స్పీకర్లో పెట్టాను.

"ఒసేయ్, పాల తెలుపా, ముత్యం తెలుపా?"

"అనగనగా ఒక మొగుడు!" అన్నాను.

"ఊఁ" అంది ఆ గొంతు.

"ఏంటీ?" అన్నాడు ఆయన.

"ఆ మొగుడు పలకల కొట్లో కూర్చున్నాడు. ఇంట్లో పెళ్ళాం బిడ్డా పెద్ద ఆపదలో ఉన్నారు. ఆ మొగుడు ఉన్నపళంగా లేచి ఇంటికి రావాలి. ఎందుకంటే ఆ గదిలో... ఇంకెవరో ఉన్నారు."

"ఊఁ."

మా ఆయన పగలబడి నవ్వాడు. "బాగుందే కథ! నన్ను కూడా ఎక్కించేశావా? బుడ్డది ఇంకా పడుకోలేదా, ఊఁ కొడుతోంది?"

"అది బిడ్డ కాదు! బిడ్డ నిద్రపోయింది! ఊఁ కొడుతోంది బిడ్డ కాదని పెళ్ళాం మొత్తుకుంది!"

"ఊఁ."

"దాని గొంతేంటి అలా ఉంది? దుమ్ముకి జలుబు చేసినట్టుంది, వేడినీళ్ళు తాగించు. సరే, ముత్యం తెలుపే ఖాయం చేస్తున్నా. మీరిద్దరూ కానివ్వండి."

పెట్టేశాడు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బేరం ఆడేటప్పుడు ఫోన్ జేబులో పడేస్తాడు. ఎప్పుడూ అంతే. నా కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోరు మాత్రం కాకి గురించి చెబుతోంది.

తెలిసిన కథలు అయిపోయాయి. గొంతు ఎండిపోయింది. చెక్క అంచుల్లో వెలుతురు కూడా పోయింది. ఇక ఏం తోచక మా క్లినిక్ కథ అందుకున్నాను. అనగనగా ఒక పళ్ళ డాక్టరు. ఊఁ. బయట కుర్చీల నిండా జనం. ఊఁ. అక్కడో ఆవిడ ఉంది. వచ్చిన వాళ్ళందరికీ "కూర్చోండి, పిలుస్తాను" అంటుంది.

ఈసారి ఊఁ రాలేదు.

బుడ్డదాని పొట్ట మీద నా చెయ్యి బిగుసుకుపోయింది. పిల్ల ఊపిరి ఉంది. సన్నగా. ఆ పాత డబ్బా వాసన మాత్రం దగ్గరైంది. చాప అంచు కొంచెం నొక్కుకున్న చప్పుడు. ఎవరో ఎదురుగా కూర్చున్నప్పుడు అయ్యే చప్పుడు. తర్వాత, నా ముఖానికి ఎదురుగా, నా ఎత్తులోనే, చాలా నెమ్మదిగా...

"ఊఁ."

లైటు అటు తిప్పలేకపోయాను. చేతకాలేదు. ఒప్పుకుంటున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పుకుంటూ పోయాను. అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పిలిచింది. ఒక్కొక్కరి నొప్పీ తగ్గింది. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆవిడ కూడా తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఇంకేం మిగల్లేదు కథలో. నోరు రోజూ తిరిగే దారిలోనే తిరిగింది.

"...కథ అటకెక్కింది."

అనేశాక గానీ తట్టలేదు. అటక ఎక్కడుంది? పొద్దునే కదా పగలగొట్టించాం!

  ఎదురుగా ఉన్నది కదలడం లేదు. ఎదురు చూస్తోంది. క్లినిక్‌లో అందరూ చూసినట్టు, నా నోటి వంకే చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. నా చేతి కింద పొట్ట ఆగిపోయింది. చీమ అన్నాను, కాకి అన్నాను, అనగనగా అన్నాను. ఏం లాభం లేదు. ఆ కథ అయిపోయింది. ఇంకొక్క మాటే మిగిలింది. రోజూ దాని తర్వాత అనే మాట. బిడ్డ నీలంగా మారిపోతోందేమో అని తప్ప నాకింకో ఆలోచన లేదు. అనేశాను.

"మనం... మంచమెక్కుదాం."

మంచం కిర్రుమంది.

బుడ్డది గుండెల నిండా ఊపిరి తీసుకుంది. నిద్రలోనే కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వినగానే లేచాను. దాన్ని భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీశాను. పిల్ల భయపడకూడదని, ఎప్పుడూ అనేటట్టే అన్నాను.

"పద తల్లీ, మనం పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోదాం."

"ఊఁ."

పైనుంచి కాదు. మంచం మీద నుంచి కాదు. నా వెనకే, నా భుజానికి ఆనుకుని.

మెట్లు ఎలా దిగానో తెలీదు. వీధి దీపం కింద ఆగాక గానీ నేనేం అన్నానో నాకు బుర్రకెక్కలేదు. నా నోరు పడిపోను! మనం అన్నాను. రెండుసార్లూ మనం అన్నాను. వినేవాళ్ళని కలుపుకుని అనే మాట అది. నా రెండున్నరేళ్ళ బిడ్డకి నేర్పిన ముక్క నాకు గుర్తు లేకపోయింది.

"కాదు" అన్నాను గాలితో. "మేము. మేము వెళ్తున్నాం. నేనూ నా కూతురూ. మేము మాత్రమే."

సంచులు పట్టుకుని వెళ్తున్న ఓ పెద్దాయన ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, బాగానే ఉన్నావా?" అన్నాడు. నాకు ఇంకెవరి జవాబూ వినిపించలేదు. అక్క ఇల్లు పక్క వీధిలోనే. ఏడుస్తూ పరిగెత్తాను.

అక్క మాకో గది ఇచ్చింది. మా ఆయన పలకల నమూనా చేత్తో పట్టుకునే వచ్చాడు. అంతా విన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నిద్రలేదు, తిండి లేదు, ఆ దుమ్ములో నిన్నొక్కదాన్నీ వదిలేసి వెళ్ళడం నాదే తప్పు" అన్నాడు. తర్వాత మెల్లిగా, "కానీ ఊఁ కొట్టింది నేనూ విన్నానుగా. మన బుడ్డదే" అన్నాడు. 

అక్కడ ఏమీ జరగలేదు. చప్పుడు లేదు, వాసన లేదు. బుడ్డది తిన్నది, ఆడుకుంది, అల్లరి చేసింది. నేను మనం అనే మాట మానేశాను. "నువ్వూ నేనూ నాన్నా తిందాం" అనేదాన్ని. "ఇదేం భాషే నీకు?" అని అక్క నవ్వేది. నవ్వుకోనీ అనుకున్నాను. నా భయం మెల్లిగా తగ్గింది కూడా. ఒక్కటే తేడా. బుడ్డది కథ అడగడం మానేసింది. పడుకోబెడితే గోడ వైపు తిరిగి పడుకునేది. పెద్దదవుతోందిలే అంది అక్క.

ఇవాళ సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే గదిలోంచి దాని మాటలు వినిపించాయి. తలుపు దగ్గరకెళ్ళి నిలబడ్డాను. అది మంచం మీద కూర్చుని కథ చెబుతోంది.

"అనగనగా చీమ..." ఆగింది. కాసేపు వేచి చూసింది. తల ఊపింది. "చీమకి గొడుగు..." మళ్ళీ ఆగింది.

నాకేమీ వినపడలేదు. దానికి వినపడుతున్నట్టుంది.

లోపలికి వెళ్ళాను. మంచానికి ఓ చివర ఒదిగి కూర్చుంది బుడ్డది. మిగతా మంచమంతా ఖాళీ. దాని బొమ్మలు కూడా ఇవతలే ఉన్నాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మాట అనకూడదని తెలుసు. అయినా నా బిడ్డ నన్ను కలుపుకోవాలి. నాకు అదొక్కటే కావాలి. చేతులు చాపాను.

"రా బంగారం. మనం పడుకుందామా?"

అది ఖాళీగా ఉన్న వైపు తిరిగి చూసింది. ఏదో అడిగినట్టు, జవాబు విన్నట్టు. తర్వాత నా వైపు తిరిగింది. తెలియని వాళ్ళకి నేర్పేటప్పుడు నేను ఎంత ఓపిగ్గా చెబుతానో, అంతే ఓపిగ్గా చెప్పింది.

"మనం కాదమ్మా. నిన్ను కలిపితే మనం. వదిలేస్తే మేము."

లాక్కుని ఎత్తుకున్నాను. ఏడవలేదు, గింజుకోలేదు. దాని మోకాళ్ళు నా చీరకి తగిలి బూడిదరంగు మరకలయ్యాయి. అరికాళ్ళు చూశాను. అరచేతులు చూశాను. పాత దుమ్ము. మెత్తగా, ఆ అటకలో చూసిన దుమ్ములాగే. అక్క ఇల్లు రోజుకి రెండుసార్లు తుడుస్తుంది.

"ఎక్కడికెళ్ళావే?" అన్నాను. 

బుడ్డది తలుపు మీదకి చూసింది. అక్కడా ఓ అటక ఉంది. తెల్లరంగు తలుపులు. అన్నాళ్ళుగా ఆ గదిలోనే ఉంటున్నా, నేను ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. అక్కని కేకేశాను. అక్క తడి చేతులతో వచ్చి, "ఆ అటకా? అది తెరుచుకోదే. రంగు పట్టి బిగుసుకుపోయింది, ఎన్నిసార్లు చూశామో" అంది. కుర్చీ వేసుకుని ఎక్కి చూశాను. నిజమే. సందుల్లో రంగు ఎక్కడా పగల్లేదు.

ఇప్పుడు బుడ్డది నా ఒళ్ళోనే ఉంది. రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. మా ఆయన బండి తెస్తున్నాడు, ఎక్కడికి వెళ్తామో ఇద్దరికీ తెలీదు. అది నిద్రకి తూగుతూ నా భుజం మీద తల పెట్టుకుంది. ఓ చెయ్యి మెల్లిగా పైకెత్తి, వేళ్ళు ఆడించింది. అటక వైపు కాదు. నా ముఖం వైపు.

"టాటా" అంది.